మొదటి తలుపు

ఆ ఏడాది జకుస్కా పచ్చడి మొదటి సీసా హోరియా గుమ్మంలోకి వెళ్ళింది.

సిల్వియు ఓడరేవులో డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి బిల్డింగు వెనక ఖాళీ జాగాలో పొగ కమ్ముకుని ఉంది. ఇటుకల మీద రేకు పరిచి, కింద పెట్టెచెక్కలు మండించి, ఆడవాళ్ళు ఎర్రటి బుట్టమిరపకాయలు కాలుస్తున్నారు. కాలినవి కాలినట్టు గిన్నెలో వేసి మూత పెడుతున్నారు. ఆ ఆవిరికి తొక్క దానంతటదే ఊడొస్తుంది. పక్క పొయ్యి మీద వంకాయ, టమాటా, ఉల్లిపాయ కుతకుతమంటుంటే జెనోవియా పొడుగాటి చెక్క గరిటెతో అడుగంటకుండా తిప్పుతోంది. మా బ్రయిలా ఊళ్ళో సెప్టెంబరు వచ్చిందంటే ఏ బిల్డింగు వెనకకి వెళ్ళినా ఇదే వాసన.

మా బిల్డింగులో ఒక్కో మెట్లదారీ ఒక్కో ఊరు లాంటిది. సిల్వియు వాళ్ళది బి మెట్లు. జకుస్కా అందరూ కలిసి వండుకుంటారు, సీసాలకెత్తి పాత దుప్పట్లలో చుట్టి చల్లారనిస్తారు, ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోతారు. కానీ మొదటి సీసా మాత్రం వాటాల్లోకి రాదు. ఆ ఏడాది మెట్లదారివాళ్ళందరికీ ఎవరి చెయ్యి ఎక్కువ ఆసరా అయిందో వాళ్ళ గుమ్మంలో పెట్టి రావాలి. వెనకటికి అది కుళాయిలు బాగుచేసే మనిషికి వెళ్ళేది. ఆయన పోయాక, సిల్వియు బిల్డింగు కప్పుల మీద తీగలు లాగి ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చినప్పటి నుంచి అతనికే వెళ్తోంది. ఆ సీసాని అతను వెంటనే తినడు. వంటింటి అలమరలో ముందు వరసలో పెట్టుకుని, క్రిస్మస్ దాకా వచ్చినవాళ్ళందరికీ కనపడనిస్తాడు.

"మొదటి గిన్నె దించేశారా అత్తా?" అన్నాడు జెనోవియాతో, ఏమీ ఎరగనట్టు. మెట్ల లెక్కలు చూసేది ఆవిడే కాబట్టి సీసా సంగతీ ఆవిడదే.

"దించేశాం నాయనా. సీసా ఇచ్చేశాం కూడా."

"ఎవరికి?"

"కింద ఇంట్లో హోరియాకి." ఆవిడ గరిటె తిప్పడం ఆపలేదు. "పాపం ఒంటరివాడు, చేసిపెట్టేవాళ్ళు లేరు. అదీగాక మా కంప్యూటరు ఏం చేశాడో ఏమో గాని, ఏదో కిటికీ తెరిచాడు, రెండు అంకెలు కొట్టాడు, మూసేశాడు. అంతే. ఇప్పుడిలా వేలు పెడితే అలా పేజీ వచ్చి పడుతోంది."

మూడో అంతస్తు నికులీనా తొక్క తీస్తూ తలెత్తింది. "మాదీ అంతే. వంటల పేజీ తెరుచుకునేలోగా ఉల్లిపాయ తరగడం అయిపోయేది ఇదివరకు. ఇప్పుడు ఉల్లిపాయ చేతిలో ఉండగానే వచ్చేస్తోంది, పనే సాగడంలేదు."

ఆడవాళ్ళు నవ్వారు. సిల్వియు కూడా నవ్వాననుకున్నాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్తుంటే కింద అంతస్తులో హోరియా గుమ్మం ముందు, దుప్పటి ముక్కలో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టిన సీసా కనపడింది. దాన్ని దాటుకుని రెండేసి మెట్లెక్కుతూ పైకి వెళ్ళిపోయాడు.

*

హోరియా వసంతంలో వచ్చాడు. పళ్ళ డాక్టర్ల దగ్గర మైనంతో, సుద్దతో కట్టుడు పళ్ళు తయారుచేసే పని. ముప్పై దాటిన మనిషి, సన్నటి వేళ్ళు, గోళ్ళలో ఎప్పుడూ కొంచెం తెల్లపొడి. ఎవరు ఎదురైనా ముందు తనే నమస్కారం పెడతాడు. సంచులు మోస్తున్న ముసలివాళ్ళకి తలుపు పట్టుకుంటాడు. తిట్టడానికి ఒక్క వంక దొరకదు, సిల్వియుకి మరీ కంటగింపుగా ఉండేది అదే.

"రెండు అంకెలు కొట్టాడట. నేను జనవరి గాలిలో కప్పు మీద పాకుతూ తీగ లాగాను. దానికి సీసా లేదు, అంకెలకి సీసా ఉంది."

సిల్వియు ఇది అన్నది భోజనాల దగ్గర, పెళ్ళాం లేలియాతో. ఆవిడ పులిసిన కాబేజీ పులుసు పోస్తోంది.

"ఆరేళ్ళ సీసాలు తిన్నావుగా. ఒక్క ఏడాది ఇంకొకరు తింటే ఏం పోయింది?"

"సీసా గురించి కాదు."

"మరి మూతి అంత పొడుగెందుకు?" లేలియా కూర్చుంది. రొట్టె తుంపి, తుంపినది అలాగే పట్టుకుంది. "సిల్వియూ, ఒకసారి కిందికి వెళ్ళి ఆ అబ్బాయితో మాట్లాడరాదూ. నీకేదో చెప్పాలంటున్నాడు."

"నాకు చెప్పేదేముంది వాడికి? నాలుగు పళ్ళు చెక్కుకోమను."

"ఇంకోటి కూడా ఉంది, తర్వాత నా మీద పడకు. శనివారం మీటింగులో జెనోవియా అత్త అడుగుతుందట. పైగది తాళంచెవి రెండోది చేయించి హోరియాకి ఇద్దామని."

సిల్వియు చెంచా కింద పెట్టాడు.

పైగది అంటే చిట్టచివరి అంతస్తులో బట్టలు ఆరేసుకోవడానికి కట్టిన గది. ఇప్పుడు అందరూ బాల్కనీల్లోనే ఆరేసుకుంటున్నారు కాబట్టి మెట్లవాళ్ళు దాన్ని సిల్వియుకి ఇచ్చేశారు. అక్కడ తిరగేసిన బీరు పెట్టె మీద పక్కరేకు లేని పాత కంప్యూటరు ఒకటి గుయ్యిమంటూ పగలూ రాత్రీ తిరుగుతుంటుంది. బయటి నుంచి వచ్చే లైను దాంట్లోకి వస్తుంది, దాంట్లోంచి ఇంటింటికీ తీగలు దిగుతాయి. దాని తాళంచెవి లోకంలో ఒక్కటే. అది సిల్వియు బెల్టుకి వేలాడుతుంది. రేవులో క్రేన్ల దగ్గర అతను పదిమంది ఎలక్ట్రీషియన్లలో ఒకడు. ఫోర్‌మన్‌కి సరిగ్గా పేరు కూడా గుర్తుండదు. బి మెట్లెక్కి ఆ తాళంచెవి గలగలమన్నప్పుడు మాత్రం అతను మనిషవుతాడు.

"ఇవ్వను," అన్నాడు.

"నేనివ్వమన్నానా? పులుసు చల్లారిపోతుంది, తిను."

*

మర్నాడు పొద్దున రెండో అంతస్తులో హోరియా ఎదురయ్యాడు. ముసలి తిబేరియు ఇంట్లోంచి బయటికి వస్తున్నాడు. వెనకాలే కర్ర పట్టుకుని తిబేరియు గుమ్మం దాకా వచ్చాడు. ఒకప్పుడు కప్పు మీద గూడు కట్టి పందెం పావురాలు పెంచినవాడు. తుంటి విరిగాక పావురాలని అమ్మేశాడు, గూడు పీకేశాడు. ఇప్పుడు కిటికీ దగ్గర కంప్యూటరు ముందు కూర్చుంటాడు.

"రారా సిల్వియూ, రా," అన్నాడు తిబేరియు. "చూశావా, నా కంప్యూటరు కూడా పరిగెడుతోంది. పాతది నత్తలా ఉందంటే నువ్వు లోపలున్నదంతా తుడిచి మళ్ళీ ఎక్కించావు. ఐనా నత్తే. ఇది ముసలిదైంది బాబాయ్, కొత్తది కొనుక్కో అన్నావు. కొన్నాను. కొత్తదీ నత్తే. నా ఇంట్లోనే ఏదో శాపం ఉందనుకున్నాను."

"కంప్యూటరంటే రకరకాలు బాబాయ్. ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది."

"ఉంటుందిలే. నువ్వు తుడిచినప్పుడు పావురాల ఫొటోలు పోయాయి, అదొక్కటే. పోతేపోయాయి, పావురాలే లేనప్పుడు ఫొటోలెందుకు."

సిల్వియుకి ఆ ఫొటోల సంగతి తెలియదు. తెలియదని చెప్పాలనిపించలేదు, హోరియా పక్కనే ఉన్నాడు.

"సిల్వియు గారూ," అన్నాడు హోరియా. "మీతో కాస్త మాట్లాడాలి. ఎప్పుడు వీలవుతుందో చెప్తే మీ ఇంటికే వస్తాను. చిన్న విషయమే."

"నాకిప్పుడు పనుంది."

"రేపైనా పరవాలేదు."

"రేపూ పనే." సిల్వియు మెట్లెక్కేశాడు. తాళంచెవి గలగలమంటూనే ఉంది. వెనక తిబేరియు ఏదో గొణిగాడు, హోరియా మెల్లగా నవ్వాడు. తన గురించే నవ్వుకుంటున్నారని సిల్వియు తీర్మానించుకున్నాడు. ఇంటింటికీ తిరిగి ఓట్లడిగే నాయకుడిలా తిరుగుతున్నాడు వీడు, శనివారం మీటింగుకి ముందు ఒక్కో గుమ్మమే తనవైపు తిప్పుకుంటున్నాడు అనుకున్నాడు. అనుకునే కొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికి వెళ్ళలేదు, నేరుగా పైగదికి వెళ్ళాడు.

హోరియా ఏం చేస్తున్నాడో సిల్వియుకి తెలియనిదేం కాదు. ఇంటర్నెట్‌లో ప్రతి చోటికీ ఒక పేరుంటుంది, అంకెల్లో ఒక చిరునామా ఉంటుంది. మనం పేరు కొడతాం. ఆ పేరుగలవాడి ఇల్లెక్కడో యంత్రం ముందు ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి, ఆ తర్వాతే బయల్దేరుతుంది. బి మెట్లలో కంప్యూటర్లన్నీ ఆ ప్రశ్న ఈ బీరుపెట్టె మీది పెట్టెనే అడిగేవి. ఇది బయట ఎవరినో కనుక్కుని జవాబు చెప్పేది. హోరియా ఒక్కో ఇంట్లోనూ దీని అంకె తుడిచేసి, ఊళ్ళో వేరే పెద్ద యంత్రాన్ని నేరుగా అడిగేలా అంకెలు రాస్తున్నాడు. అంటే జనం ఇప్పుడు సిల్వియు పెట్టెని దారి అడగడం మానేశారు. పక్కనుంచే, పలకరించకుండా వెళ్ళిపోతున్నారు.

అతను కీబోర్డు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఒక్క వరస రాస్తే చాలు. ఎవరు ఏ అంకె పెట్టుకున్నా సరే, దారి అడుగుతూ బయటికి పోయే ప్రతి ప్రశ్ననీ చెవి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి ఈ పెట్టె ముందే నిలబెట్టే వరస అది. చాలా రోజుల తర్వాత ఒక పని చక్కగా చేస్తున్నట్టనిపించింది.

"ఇప్పుడు పరిగెత్తించు చూద్దాం," అన్నాడు పైకే. కిటికీలోంచి ఎండ పడుతోంది. వాన పడి మూడు వారాలు దాటింది, పాత బట్టల తాళ్ళ మీద దుమ్ము పేరుకుని ఉంది.

*

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గుమ్మం ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దుతిరుగుడు గింజల పొట్లం విప్పి, కొరికి, పొట్టు అరచేతిలో వేసుకుంటూ ఎదురుచూశాడు. ఇప్పుడు వస్తారు. సిల్వియూ, మళ్ళీ నత్తయిపోయింది, ఒకసారి చూసిపెట్టు అంటారు. అంకెలు మార్చడం కాదండీ, దాని వెనక చాలా ఉంటుంది అని తను నిదానంగా చెప్తాడు. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో కూడా అనుకున్నాడు.

నికులీనా బజారు సంచితో వచ్చింది. "బాగున్నావా," అని లోపలికి వెళ్ళిపోయింది. పైఅంతస్తు మొగుడూ పెళ్ళాలు కుక్కని తీసుకుని వచ్చారు, వాన లేదనుకుంటూ వెళ్ళారు. ఒక్కరూ కంప్యూటరు ఊసెత్తలేదు. చేతిలో పొట్టు గుప్పెడయింది.

కాసేపటికి కింద ఇంటి కిటికీలోంచి మాటలు వినిపించాయి. ముందు జెనోవియా గొంతు.

"మళ్ళీ మొదలైంది హోరియా. పొద్దుట్నుంచీ నీ అంకెలు పనిచెయ్యట్లేదు."

"పైన ఎక్కడో తడి తగిలి ఉంటుంది అత్తా. తీగల్లోకి నీళ్ళు దిగితే అంతే. సిల్వియు గారు చూస్తారు."

"నువ్వోసారి..."

"నాకు ఆ పెట్టె తెలియదుగా. అది ఆయన పని. మీరేం అడక్కండి, ఆయనే చూస్తారు."

"అవును, తడే," అంది జెనోవియా. సిల్వియు పొట్టంతా నేల మీద పారబోశాడు. జాలి చూపిస్తున్నాడు, పైగా తనకి సర్టిఫికెట్టు ఇస్తున్నాడు. తిట్టి ఉంటే ఇంత మండేది కాదు. వీడికి పెద్దమనిషితనం ఎక్కడ నేర్పారో, సుద్దలో పోసి అచ్చు తీసినట్టుంది.

ఇంట్లోకి వెళ్ళేసరికి లేలియా కంప్యూటరు ముందు గడ్డానికి చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. అల్లికల పేజీ చూస్తుంది రోజూ ఆ వేళకి.

"దీనికేమైంది? రావట్లేదు."

"ఏది?"

"ఏదీ రావట్లేదు. వస్తుంది గాని, గుటకలు మింగి మింగి వస్తుంది. ఎప్పుడూ ఇలా లేదే."

సిల్వియు ఆవిణ్ణి లేపి తను కూర్చున్నాడు. ఒక పేరు కొట్టాడు. తెల్లటి తెర. అలాగే ఉంది. చెయ్యి మౌసు మీద, కళ్ళు తెర మీద, ఏమీ లేదు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. పేజీ ఒక్కసారిగా వచ్చింది, వచ్చాక బాగానే ఉంది. ఇంకో పేరు కొట్టాడు. మళ్ళీ అంతసేపూ తెల్లతెరే. పాత పేరు మళ్ళీ కొడితే వెంటనే వచ్చింది. కొత్త పేరు కొడితే మళ్ళీ నిరీక్షణ.

దొంగకి తేలు కుట్టినట్టయింది. తను రాసిన వరస తన ఇంటి ప్రశ్నల్ని కూడా చెవి పట్టుకుని పైకి లాక్కుపోయిందని అర్థమైంది. కానీ అంతకన్నా పెద్దది ఇంకొకటి మెల్లగా అర్థం కావడం మొదలైంది. తన పెట్టెని అడిగితే ఇంతసేపు పడుతుందా?

ఈ కంప్యూటరు ఇదివరకు తన పెట్టెని అడిగేదే కాదు. ఎప్పుడో, తీగలు లాగిన కొత్తలో, ఏదో సరిచూడ్డానికి దీంట్లో బయటి అంకె ఒకటి చేత్తో రాశాడు. పనిచేసింది, అలాగే వదిలేశాడు. ఆ తర్వాత ఎవరు వచ్చి నత్తలా ఉందన్నా, ఈ కుర్చీలో కూర్చుని ఇదే కంప్యూటర్లో చూసేవాడు. మా ఇంట్లో రయ్యిమంటోంది, లోపం మీ దాంట్లోనే ఉంది అనేవాడు. తుడిచేవాడు, మళ్ళీ ఎక్కించేవాడు. ముసలిదైంది, కొత్తది కొనమనేవాడు.

"ఎక్కడికి?" అంది లేలియా.

"పైకి."

పైగదిలో పెట్టె గుయ్యిమంటూనే ఉంది. అది ఎవరెవర్ని దారి అడుగుతుందో రాసిన చోటు తెరిచాడు. రెండంకెలు. రెండూ తన చేత్తో రాసినవే. ముందు మొదటిదాన్ని అడగాలి, అది పలక్కపోతే రెండోదాన్ని అడగాలి. మొదటి అంకెకి ఒక పలకరింపు పంపించాడు. జవాబు రాలేదు. మళ్ళీ పంపించాడు. ఆ అంకె మొదట్లో లైను ఇచ్చిన కంపెనీది. ఆ కంపెనీ ఎత్తేసి చాలాకాలమైంది, లైను ఇంకొకరు కొనుక్కున్నారు. సిల్వియు కొత్త కాగితాల మీద సంతకాలు పెట్టాడు, తీగ మార్చాడు, ఈ అంకె మాత్రం తీయలేదు.

అంటే ఇన్నాళ్ళూ బి మెట్లలో ఎవరు ఏ పేరు కొట్టినా, పెట్టె ముందు వెళ్ళి చచ్చిపోయినవాడి తలుపు తట్టింది. లోపల్నుంచి ఎవరైనా వస్తారేమోనని నిలబడింది. ఎవరూ రాకపోతే అప్పుడు పక్క తలుపు తట్టింది. మళ్ళీ కొత్త పేరు కొడితే మళ్ళీ అదే ఇంటికి, అదే తలుపుకి. ఆ గుమ్మంలో నిలబడినంతసేపూ జెనోవియా నిలబడింది, నికులీనా ఉల్లిపాయ తరిగింది, ముసలి తిబేరియు తన ఇంట్లో శాపముందని నమ్మాడు.

సిల్వియు బీరు పెట్టె పక్కన నేల మీద కూలబడ్డాడు. హోరియా మీద పెంచుకున్న కోపం కోసం లోపల వెతికాడు, అది ఉంది, కానీ పెట్టుకోవడానికి చోటు దొరకలేదు.

తర్వాత లేచి మొదటి అంకె తీసేశాడు. పొద్దున రాసిన వరస కూడా తీసేశాడు. రెండు పనులూ కలిపి, బెంచీ మీద గింజలు కొరికినంతసేపు కూడా పట్టలేదు.

*

శనివారం మీటింగు కింద అంతస్తులో పోస్టు డబ్బాల ముందు జరిగింది. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకున్నారు. చలికాలం రాకముందే మెట్ల కిటికీల అద్దాలు మార్చాలన్నారు, పైఅంతస్తు కుక్క మొరగకూడదన్నారు, కుక్కగలవాళ్ళు అలిగారు. సిల్వియు గోడకానుకుని నిలబడి బెల్టు మీద తాళంచెవిని గుప్పిట్లో పట్టుకున్నాడు. చెప్పాలా వద్దా అని రెండ్రోజులుగా నలుగుతున్నాడు. పొద్దున చెప్పేద్దామనుకున్నాడు, మధ్యాహ్నానికి మనసు మార్చుకున్నాడు.

"ఇక తాళంచెవి సంగతి," అంది జెనోవియా.

హోరియా చెయ్యెత్తాడు. "అత్తా, దానికి ముందు ఒక మాట. గురువారం నుంచి అందరి ఇళ్ళల్లో పేజీలు గబగబా వస్తున్నాయి కదా, అది నా పని కాదు. నా అంకెలు ఎవరికీ అక్కర్లేదిప్పుడు, తీసేసినా ఒకటే. సిల్వియు గారు పైన పెట్టెలోనే సరిచేశారు. నాది ఒక్కో ఇంటికి పూసే మందు. ఆయన చేసింది మూలంలో వైద్యం."

ముందు తిబేరియు కర్రని చంకలో ఇరికించి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. నికులీనా అందరికన్నా గట్టిగా కొట్టింది. కుక్కగలవాళ్ళు కూడా అలక మాని కొట్టారు. లేలియా మాత్రం ఒళ్ళోకి చూసుకుంటూ కొట్టింది.

"ఐతే రెండో తాళంచెవి ఎందుకు," అంది జెనోవియా. "మనవాడు ఉండగా."

సిల్వియుకి కావలసినదంతా ఒక్కసారే దక్కింది. చెప్పడానికి నోరు తెరిచాడు. చప్పట్ల మధ్య అది నవ్వులాగే కనిపించి ఉంటుంది. కాసేపు నిజంగానే నవ్వాడు కూడా. ఆ కాసేపు చాలా బాగుంది, అబద్ధమెందుకు.

ఆదివారం జెనోవియా రెండో గిన్నెలోంచి పెద్ద సీసా తెచ్చి అతని గుమ్మంలో పెట్టింది. మొదటి సీసా కన్నా పెద్దది. సిల్వియు దాన్ని అలమరలో ముందు వరసలో పెట్టాడు. టీ తాగుతూ చూశాడు, తీసి వెనక పెట్టాడు. అన్నీ ముందుకి లాగి మళ్ళీ సర్దాడు. మధ్యాహ్నం దాన్ని సంచిలో పెట్టుకుని కిందికి దిగాడు. మెట్ల మీద సీసాలు అతని గుమ్మం వైపు ఎక్కడమే ఇన్నేళ్ళూ, దిగడం ఇదే మొదలు.

తిబేరియు తలుపు తీసి సంచిలోకి తొంగి చూశాడు.

"ఇదెందుకురా?"

"పావురాల ఫొటోల గురించి బాబాయ్." సిల్వియు గుమ్మంలోనే నిలబడ్డాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఇక్కడికొచ్చేసరికి ముక్కలయ్యాయి. "నీ కంప్యూటర్లో లోపం లేదు. పాతదానికీ లేదు, కొత్తదానికీ లేదు. తుడవాల్సిన పనే లేదు. అది నా పెట్టెలో..."

"చచ్చిపోయినవాడి అంకె ముందు రాసి ఉంది. తెలుసు. లోపలికి రా, చలిగాలి వస్తోంది."

సిల్వియు గుమ్మం దాటలేదు.

"ఎవరు చెప్పారు?"

"హోరియా. మొదటిరోజే కనిపెట్టాడు. కొత్త పేరైతే ప్రతిసారీ ఒక్కలాగే ఆగుతోంది, ఒకసారి చూసినదైతే ఆగట్లేదు, పైన పెట్టె ముందుగా అడిగేవాడు పలకట్లేదు అన్నాడు. ఐతే వెళ్ళి సిల్వియుకి చెప్పు అన్నాం. నలుగురిలో చెప్తే ఆయన చిన్నబోతారు, ఒంటరిగా దొరికినప్పుడు చెప్తాను, ఈలోగా మీ మీ కంప్యూటర్లలో అంకెలు మార్చి పెడతానన్నాడు. నువ్వు దొరకవే. ఎప్పుడు చూసినా పనే నీకు."

"మెట్లలో అందరికీ తెలుసా?"

"కుక్కకి తెలియదేమో." తిబేరియు సీసా అందుకుని వెలుతురుకి పట్టి చూశాడు. "లేలియాకి తెలుసు. నువ్వు ఎలాంటివాడివో ఆ పిల్లకి మాకన్నా తెలుసుగా, మేం ముందు దాన్నే అడిగాం. హోరియానే చెప్పనివ్వండి అంది."

"ఇన్నేళ్ళూ నత్తలా ఉందని నాకు మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తుడిచేస్తావుగా నాయనా. నికులీనా వంటలు పోయాయి, నా పావురాలు పోయాయి. ఆగడమే నయమనుకున్నాం." ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు. "బుధవారం నువ్వు చేసినది కూడా తెలుసులే. తడి తగిలిందన్నాడు హోరియా. మూడు వారాలై చుక్క పడితేనా. జెనోవియా ఆకాశం వైపు చూసి, అవును తడే అంది."

మీటింగులో చప్పట్లు గుర్తొచ్చి సిల్వియు మెడ నుంచి చెవుల దాకా కాలింది. నికులీనా అంత గట్టిగా ఎందుకు కొట్టిందో ఇప్పుడు తెలిసింది. తనకి కొడుతున్న చప్పట్లు తను నమ్మాలని కొట్టింది. ఒక్కో గుమ్మం తిరుగుతూ తన కుర్చీ లాక్కుంటున్నాడనుకున్న మనిషి, ఒక్కో గుమ్మంలోనూ తన పరువు దాచి వచ్చాడు.

"ఫొటోలు..." అన్నాడు.

"పోయాయి. పోయినవి పోయాయి, అది నువ్వు తెచ్చివ్వలేవు," అన్నాడు తిబేరియు మెత్తగా కాకుండా, కటువుగా కాకుండా. "సీసా మాత్రం ఉంచి వెళ్ళు. జెనోవియా ఈసారి ఉప్పు సరిగ్గా వేసింది."

*

సోమవారం రేవు నుంచి వస్తూ సిల్వియు బజారు మూలన తాళాలవాడి కొట్టు దగ్గర ఆగాడు. బెల్టు నుంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. మర మీద ఇత్తడి రజను రాలుతుంటే చూస్తూ నిలబడ్డాడు. హోరియా గురించే ఆలోచించాడు. వాడికి వేళ్ళు సన్నగా ఉన్నాయి, వాడికి అంకెలు తెలుసు, ఇప్పుడు చూస్తే వాడు తనకన్నా మంచివాడు కూడా. మిగతావన్నీ ఎలాగో మింగుకోవచ్చు గాని, ఈ చివరిది గొంతులో అడ్డం పడింది. మెట్లలో తనకన్నా పనిమంతుడు వస్తే ఓర్చుకోవడం కష్టం. తనని కాపాడినవాణ్ణి ఓర్చుకోవడం అంతకన్నా కష్టమని అతనికి ఆ కొట్టు ముందు తెలిసింది.

హోరియా తలుపు తీశాడు. మోచేతుల దాకా సుద్ద. వెనక బల్ల మీద ఎవరివో పైపళ్ళ వరస, మైనంలో సగం చెక్కి ఉంది. దాని పక్కనే మొదటి సీసా, మూత తీసి, సగం ఖాళీగా ఉంది.

"రండి సిల్వియు గారూ. చేతులు కడుక్కుని వస్తాను."

"వద్దు, వెళ్ళాలి." సిల్వియు కొత్త తాళంచెవి చాచాడు. దానికి అప్పటికే ఒక చిన్న తాడు ముక్క కట్టి ఉంది. హోరియా దాన్ని చూశాడు, సిల్వియు ముఖం చూశాడు, చెయ్యి చొక్కాకి తుడుచుకుని తీసుకున్నాడు.

సిల్వియు నాలుగు మెట్లు ఎక్కాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"తడి తగిలినప్పుడు, నేను ఊళ్ళో లేకపోతే, పైకెళ్ళి చూడు."

"చూస్తాను, అన్నా," అన్నాడు హోరియా. "వాన పడనీ."